ఎండా, లారీలా, నలుగురి మాటా: సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళనీయకుండా ఆపేది ఏది?

అనంతపురం రాంనగర్‌లో ఉంటూ క్లాక్ టవర్ దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్న సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య నాలుగు కిలోమీటర్ల లోపే దూరం. స్కూటీ ఉంది గాని, సైకిల్ మీద వెళ్ళాలని రెండేళ్ళుగా అనుకుంటున్నారు. ఎండ, చెమట, ఫ్లైఓవర్ మీద బండ్ల వేగం, కుక్కలు, చీర, ఆఫీసులో వాళ్ళు ఏమనుకుంటారో అన్న బెరుకు, ఇలా ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంది. "ఇవి నిజమైన అడ్డంకులా, లేక నాకు నేను చెప్పుకుంటున్న సాకులా?" అని ఆమె అడుగుతున్నారు. రవాణా ప్రణాళిక పాఠాలు చాలాకాలం చెప్పినదాన్ని, ఇదే ఊళ్ళో సైకిల్ మీద పనికి వెళ్ళివచ్చినదాన్ని కాబట్టి, ఈ ప్రశ్నకు వివరంగానే సమాధానం చెప్పాలనిపించింది.

ముందుగా, మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోనక్కరలేదు. సైకిల్ ఎక్కకముందు మనసుకు కనిపించే అడ్డంకులు కొన్ని, ఎక్కి నెల తిరిగాక నిజంగా ఎదురయ్యేవి మరికొన్ని. ఈ రెండింటికీ పోలిక చాలా తక్కువ. అయితే వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం పూర్తిగా మొదటివాటిని చూసే జరిగిపోతుంది, ఎందుకంటే రెండోవి తెలియాలంటే ముందు సైకిల్ ఎక్కి ఉండాలి. కాబట్టి మీ జాబితాలోని ఒక్కొక్క అంశం మీ దారిలో, మీరు వెళ్ళే వేళకు ఎంత నిజమో తేల్చుకోవడమే మీరు చేయవలసిన పని. వాటిలో కొన్ని తేలిపోతాయి. కొన్ని ఎంత పరీక్షించినా నిలబడతాయి, వాటిని నేను చిన్నవి చేసి చెప్పను.

మనిషి ఒక పనికి ఎలా పూనుకుంటాడన్నదాని మీద ఐసెక్ ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో వివరంగా రాసిన సిద్ధాంతాన్ని, ఆ తర్వాత ప్రయాణ సాధనాల ఎంపికను అధ్యయనం చేసినవారు విరివిగా వాడుకున్నారు. ఆయన లెక్కలో ఉద్దేశం మూడింటి మీద ఆధారపడుతుంది: ఆ పని మంచిదా కాదా అన్న మన అభిప్రాయం, మనకు కావలసినవాళ్ళు దాన్ని ఎలా చూస్తారన్న అంచనా, అది మన చేతనవుతుందన్న నమ్మకం. మీ ప్రశ్నను ఈ మూడింటితో పోల్చి చూస్తే, మొదటిదానిలో మీకు లోటేమీ లేదు. సైకిల్ ఆరోగ్యానికి మంచిదని, పెట్రోలు ఖర్చు మిగులుతుందని మీకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఊళ్ళో సైకిల్ ర్యాలీల్లో చెప్పేవన్నీ ఆ మొదటి అంశం గురించే కావడం వల్ల, ర్యాలీ చూసి చప్పట్లు కొట్టినవారు మర్నాడు మళ్ళీ బండి మీదే ఆఫీసుకు వెళతారు. మీ చిక్కు రెండో, మూడో అంశాల్లో ఉంది. ఆఫీసు గురించిన బెరుకు రెండోదానికి చెందితే, ఎండ, ఫ్లైఓవర్, కుక్కలు, చీర మూడోదానికి చెందుతాయి. మూడో అంశంలో పనిచేసేది అడ్డంకి అసలు పరిమాణం కాదు, మనం ఊహించుకున్న పరిమాణం.

ఇంగ్లండ్‌లో గాటర్స్‌లేబెన్, ఆపిల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం దీనికి దగ్గరగా ఉంటుంది. సైకిల్ మీద పనికి వెళ్ళే ఆలోచనే లేనివారు, ఆలోచిస్తున్నవారు, అప్పుడప్పుడు వెళ్ళేవారు, రోజూ వెళ్ళేవారు అని మనుషుల్ని దశలవారీగా చూసినప్పుడు, ఒక్కొక్క దశలోనివారికి అడ్డంకులు ఒక్కొక్క రకంగా కనిపిస్తున్నాయని వారు చూపించారు. అదే అధ్యయనంలో భాగంగా, అలవాటు లేనివారి చేత రెండు వారాలు సైకిల్ తొక్కించి వారి అభిప్రాయాలనూ అనుభవాలనూ గమనించారు. మీరిప్పుడు రెండో దశలో, అంటే ఆలోచిస్తున్న దశలో ఉన్నారు. అడ్డంకులు అన్నిటికన్నా ఎక్కువగా లెక్కకు వచ్చేది ఈ దశలోనే, ఎందుకంటే ఆలోచనే లేనివారు వాటిని లెక్కపెట్టరు, తొక్కేవారికి లెక్కపెట్టే పని ఉండదు.

ఇక్కడ మన దేశానికి ప్రత్యేకమైన విషయం ఒకటి చెప్పాలి. 2011 జనగణనలో, వ్యవసాయమూ ఇంటి పరిశ్రమా కాక ఇతర పనులు చేసేవారిని, పనికి ఎలా వెళతారని మొదటిసారి అడిగారు. దేశం మొత్తం మీద వారిలో సుమారు 13 శాతం మంది సైకిల్ అన్నారు. ఇంత పెద్ద సంఖ్యలో చాలామంది, మరో దారి లేక తొక్కేవారే. మన ఊళ్ళో తెల్లవారుజామున పాలు పోసేవారు, తాపీ పనికి పోయేవారు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు మీరు భయపడుతున్న ఆ ఫ్లైఓవర్ మీదనే, ఆ ఎండలోనే పోతున్నారు. వారికి అడ్డంకులు లేవని కాదు, లారీ వారికి కూడా లారీయే. వారి విషయంలో అడ్డంకి నిర్ణయాన్ని మార్చలేదు, ఎందుకంటే నిర్ణయించుకునే వీలే వారికి లేదు. స్కూటీ తాళం చెవి చేతిలో ఉన్నవారి విషయంలో మాత్రం చిన్న అనుమానం చాలు, సైకిల్ గోడకు ఆనుకునే ఉంటుంది. సైకిల్ సౌకర్యాల గురించి ఊరు ఆలోచించకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం: తప్పనిసరై తొక్కేవారు ఫిర్యాదు చేయరు, ఫిర్యాదు చేయగలిగినవారు తొక్కరు.

ఇప్పుడు మీ జాబితాకు వద్దాం. అందులో మొదటిది ఎండ. అనంతపురం ఎండను తక్కువ చేసి మాట్లాడేవారు ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఉండి ఉండరు. అయితే మనం ఎండ అనుకున్నప్పుడు మనసులో మెదిలేది మధ్యాహ్నం రెండు గంటల ఎండ. మీ ప్రయాణం ఉదయం తొమ్మిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు. మామూలు వేగంతో, అంటే గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున, నాలుగు కిలోమీటర్లకు పదహారు నిమిషాలు పడుతుంది. జూన్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆ పదహారు నిమిషాలు పెద్ద కష్టం కాదు. ఉన్న కష్టమంతా మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారాల దాకా, అందులోనూ ఉదయం కన్నా సాయంత్రం. రోజంతా కాగిన తారురోడ్డు ఐదున్నరకు ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది, ఎదురుగా పడమట దిగే సూర్యుడు కళ్ళలో కొడుతూ ఉంటాడు. ఆ దాదాపు మూడు నెలలు స్కూటీ మీద వెళ్ళండి. ఏడాది పొడుగునా తొక్కితేనే తొక్కినట్టు అన్న నియమం ఎవరూ పెట్టలేదు. ఈ నియమాన్ని తామే పెట్టుకుని, మే నెలను తలచుకుని నవంబరులో కూడా ఎక్కనివారిని నేను ఎందరినో చూశాను.

వానను మీరు ప్రస్తావించనే లేదు, అది సరైనదే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం పడే చోట వాన సైకిల్‌కు అడ్డంకి కాదు.

చెమట సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆఫీసుకు వెళ్ళేవారందరూ దీని దగ్గరే ఆగిపోతారు, నిజానికి ఇది అన్నిటికన్నా సులువుగా తీరేది. తొక్కుతున్నంతసేపూ ఒంటికి తగిలే గాలి చెమటను ఆరబెడుతూ ఉంటుంది. సైకిల్ ఆపిన మరుక్షణం గాలి పోతుంది, ఒంట్లో వేడి మాత్రం అలాగే ఉంటుంది, అందువల్ల చెమట ధారగా కారేది దిగిన తర్వాత ఐదు నిమిషాల్లో. ఇది తెలియనివారు వేగంగా తొక్కి వచ్చి, స్టాండ్ వేసి, నేరుగా మెట్లెక్కి సీట్లో కూర్చుని, జాకెట్టు తడిసిపోయిందని మరునాటి నుంచి మానేస్తారు. చివరి అర కిలోమీటరు నడిచేవారితో సమానంగా, కాళ్ళకు బరువు తగలకుండా తొక్కాలి. దిగాక నీడలో ఐదు నిమిషాలు నిలబడి, ఆ తర్వాతే ముఖం, మెడ, మోచేతులు నీళ్ళతో కడుక్కోవాలి. చేతిసంచి భుజానికి కాకుండా వెనక క్యారియర్‌కు కట్టుకుంటే వీపు తడవదు. ఉదయం స్నానం చేసి బయలుదేరినవారి తాజా చెమటకు వాసన ఉండదు, చర్మం మీద సూక్ష్మజీవులు దాన్ని మార్చడానికి కొంత సమయం పడుతుంది. ఇంతకు మించి ఆఫీసులో స్నానాల గది అవసరం నాలుగు కిలోమీటర్లకు రాదు.

ఇక ఫ్లైఓవర్ ఎక్కలేనేమో అన్న అనుమానానికి చాలాసార్లు కారణం మనిషి కాదు, సీటు. మన దగ్గర సైకిల్ కొన్న రోజున దుకాణంలో రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించి ఇస్తారు, అలాగే వదిలేస్తాం. అలా తొక్కితే మోకాలు పూర్తిగా చాచుకోదు, తొడలు త్వరగా పట్టేస్తాయి, చిన్న ఎత్తు కూడా కొండలా అనిపిస్తుంది. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు కాలు దాదాపు నిటారుగా, మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటు పైకి లేపించుకోండి. అప్పుడు ఆగినప్పుడు కాలివేళ్ళు మాత్రమే నేలకు ఆనుతాయి, ఆ బెరుకు రెండు మూడు రోజుల్లో పోతుంది. సీటు సరిచేశాక కూడా ఎత్తు కష్టమనిపిస్తే దిగి నడిపించుకు పోవడంలో తప్పేమీ లేదు.

కుక్కల గురించి ఒక్కమాట: అవి ఎక్కువగా వెంటపడేది వేగంగా కదిలేదాన్ని, అందులోనూ చీకటి వేళ. వేగం పెంచకుండా ఆగి దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య ఉంచి నడిస్తే చాలావరకు అక్కడే వదిలేస్తాయి. పగటిపూట పెద్ద రోడ్ల మీద ఈ బెడద తక్కువే.

పరీక్షించినా తేలిపోని అడ్డంకి బండ్ల వేగం, పెద్ద వాహనాలు. ఈ భయం సరైనదే, దీన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరపాలక సంస్థలో సైకిల్ వ్యవహారాలు చూసిన రోజర్ గెల్లర్, తన నగర ప్రజలను నాలుగు రకాలుగా విభజించి, అందులో దాదాపు 60 శాతం మంది తొక్కాలని ఆసక్తి ఉండీ ట్రాఫిక్ భయంతో ఆగిపోయేవారని అంచనా వేశారు. ఆ తర్వాత అక్కడి విశ్వవిద్యాలయంవారు చేసిన సర్వే ఫలితాలు ఆ అంచనాకు దగ్గరగానే వచ్చాయి. మీరు ఆ అరవై మందిలో ఒకరు, ధైర్యం లేనివారు కాదు. ఎండను ప్రస్తావిస్తే స్పెయిన్‌లోని సెవిల్ నగరం గుర్తుకొస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు అది. అక్కడ సైకిళ్ళు కనిపించకపోవడానికి ఎండే కారణమని చాలామంది అనుకునేవారు. 2006 తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే వంద కిలోమీటర్లకు పైగా, కార్ల నుంచి వేరుపరచిన సైకిల్ దారులను ఒకదానితో ఒకటి కలిసేలా వేశాక, అదే ఎండలో తొక్కేవారి సంఖ్య అనేక రెట్లు పెరిగింది. అప్పటిదాకా జనాన్ని ఆపింది ఎండ కాదని, భద్రమైన దారి లేకపోవడమని అలా తేలింది. అనంతపురంలో కూడా, అడిగినప్పుడు ఎండ అని చెప్పేవారిలో సగం మందిని లోపల ఆపుతున్నది రోడ్డేనని నా నమ్మకం. ఎండ అని చెప్పడం సులువు, భయం అని చెప్పడం కష్టం.

అటువంటి దారి మనకు వచ్చేలోపు మీరు చేయగలిగింది, అతి దగ్గరి దారికి బదులు అతి నెమ్మదైన దారిని ఎంచుకోవడం. స్కూటీ మీద వెళ్ళే దారే సైకిల్ దారి కానక్కరలేదు. కాలనీల లోపలి వీధుల గుండా అర కిలోమీటరు ఎక్కువైనా రెండు నిమిషాలే తేడా. ఫ్లైఓవర్ తప్పనిసరైతే ఉదయం పావుగంట ముందు బయలుదేరండి, రద్దీ పెరిగే లోపు దాటిపోతారు. ఎడమ అంచుకు మరీ ఒదిగిపోకండి. గోడకు అంటిపెట్టుకుని పోతే వెనకవాళ్ళు మీ పక్కన చోటుందనుకుని దూరిపోతారు. ఆగివున్న ఆటోలకూ కార్లకూ కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, కూడలిలో ఆగిన బస్సుకో టిప్పర్‌కో ఎడమవైపు ఎప్పుడూ చేరకండి. అది ఎడమకు తిరిగితే డ్రైవరుకు మీరు కనిపించరు, వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలగా తిరుగుతాయి. దాని వెనకనే ఆగండి.

పీటర్ జాకబ్‌సన్ 2003లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఒక ఊళ్ళో సైకిల్ తొక్కేవారు రెట్టింపైతే ఒక్కొక్కరికీ ఉండే ప్రమాదం దాదాపు మూడోవంతు తగ్గుతుంది. సంఖ్య వల్ల భద్రత వస్తుందా, భద్రత వల్ల సంఖ్య పెరుగుతుందా అన్న చర్చ నేటికీ ఉంది. ఏదైనా, మీ దారిలో వచ్చే మరో ఇద్దరితో కలిసి వెళితే వెనకవారికి మీరు తప్పక కనిపిస్తారు.

ఆఫీసువారి మాట విషయంలో ఏం జరుగుతుందో ముందే చెప్పగలను. మొదటి వారంలో అందరూ ఒకే ప్రశ్న వేస్తారు: "ఏమ్మా, స్కూటీ అమ్మేసినావా?" లేదా "ఏం మేడం, బండి రిపేరా?" ఎగతాళి చేయాలని కాదు, బండి ఉన్నవారు సైకిల్ ఎక్కడాన్ని వారు ఎన్నడూ చూడలేదు కాబట్టి, ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుందని అనుకుంటారు. సంజాయిషీ ఇచ్చుకోకుండా "లేదు, ఇలాగే బాగుంది" అని ఊరుకుంటే, పదిహేను రోజుల తర్వాత ఆ ప్రశ్న ఆగిపోతుంది. ఆడవారి విషయంలో ఈ చూపు మరింత బరువుగా ఉంటుందని నాకు తెలుసు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. మొదట్లో వారికి ఎదురైన వెకిలి మాటలు, అందరూ కలిసి వీధిలోకి వచ్చాక నిలవలేదు. ఒక్కరిని అనగలిగిన మాట గుంపును అనలేరు. మీ ఆఫీసులో ఇంకొకరు, ఒక్కరంటే ఒక్కరు, మీలాగే ఆలోచిస్తున్నవారు ఉంటారు, అడిగి చూడండి.

మీ జాబితాలో లేనివీ, ఎక్కాక ఎదురయ్యేవీ రెండున్నాయి. ఒకటి గాలి. ఉమ్మడి జిల్లాలో రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢ, శ్రావణాల్లో పడమటి గాలి సాయంత్రం దాకా ఉధృతంగా వీస్తుంది, మీరు ఇంటికి వెళ్ళేది పడమటికి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుండగా 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే, మిమ్మల్ని వెనక్కి నెట్టే బలం ఐదు రెట్లకు పైగా అవుతుంది. దానితో పోటీ పడకండి, వేగం తగ్గించుకుని, పది నిమిషాలు ఆలస్యంగా చేరతానని ముందే అనుకోండి. రెండోది ముళ్ళు. రోడ్డు అంచున పల్లేరు కాయలు, కంపచెట్ల ముళ్ళు టైరుకు గుచ్చుకుంటాయి. పంచరు వేయించినప్పుడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వచ్చే చోట ప్యాచీ వేసి వెంటనే టైరులోకి ఎక్కించేస్తారు, ముల్లు మొన మాత్రం టైరులోనే ఉండిపోయి మర్నాడు మళ్ళీ అదే చోట గుచ్చుతుంది. ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవమని అడగండి, మొన ఉన్న చోట గుడ్డ పట్టుకుంటుంది.

ఇక ఆఖరి అడ్డంకి అలవాటు. ఇది ఎవరి జాబితాలోనూ ఉండదు. ప్రయాణ సాధనం బాగా అలవాటైపోయినవారు ఇతర మార్గాల గురించి సమాచారం కూడా తక్కువగా వెతుకుతారని బాస్ వెర్‌ప్లాంకెన్, సహచరులు 1990లలో చూపించారు. ఉదయం మీరు స్కూటీని ఎంచుకోవడం లేదు, మేకుకు వేలాడే తాళం చెవి మీదికి చెయ్యి దానంతట అదే పోతోంది. కాబట్టి ముందురోజు రాత్రే సైకిల్‌కు గాలి కొట్టి, సంచి క్యారియర్‌కు కట్టి, స్కూటీకి ముందుగా పెట్టి పడుకోండి. స్కూటీ తీయాలంటే సైకిల్‌ను జరపవలసి రావాలి.

సైకిల్ వెంటనే కొనకండి. ఎవరిదైనా అడిగి తీసుకుని, ఒక ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద ఆఫీసు దాకా వెళ్ళి రండి. దూరం, ఎత్తు, అలసట గురించిన అనుమానాలు ఆ ఒక్కసారికే చాలావరకు తీరతాయి. తర్వాత ఒక పనిదినాన, ఆ తర్వాత వారానికి రెండు రోజులు. నచ్చితే గేర్లున్న ఖరీదైనదానికి పోకుండా, నిటారుగా కూర్చుని తొక్కే లేడీస్ సైకిల్ తీసుకోండి. పూర్తి చైన్ కవర్, వెనక చక్రానికి చీర పడకుండా జాలీ, గట్టి క్యారియర్, వెనక ఎర్ర లైటు ఉండాలి. చున్నీ వేసుకునే రోజున దాని రెండు కొనలూ నడుముకు ముడివేసుకోండి, చక్రంలో పడితే అది నిజమైన ప్రమాదం. ఆఫీసులో సైకిల్ నిలిపేందుకు మెట్ల కిందో, బండ్ల షెడ్డు చివరో నీడపట్టున తాళం వేయడానికి కమ్మీ ఉన్న చోటు చూసి, కొనేముందే మీ సూపరింటెండెంట్‌ను అడిగి ఖాయం చేసుకోండి. ఎండలో నిలిపితే టైర్లు త్వరగా పగులుతాయి, సాయంత్రానికి సీటు మీద చెయ్యి పెట్టలేరు.